పాతబండి ప్రియమైన కాలం

"కొత్తొక వింత, పాతొక రోత" అన్న సామెతను మన పెద్దలు కార్లను చూసి చెప్పినట్టు లేదు. 1950ల నుంచి 1980ల దాకా ఈ దేశంలో కారు విషయంలో ఆ సామెత తలకిందులుగా నడిచింది. కంపెనీ నుంచి బయటికి వచ్చిన బండి మరుసటి రోజుకే వెల పెరిగేది. ఏడాది వాడిన ఫియట్ కొత్త ఫియట్ కన్నా ఎక్కువ పలికేది. తెలుగులో "ప్రియం" అనే మాటకు ఇష్టమైనదనీ, ధర ఎక్కువనీ రెండర్థాలున్నాయి గదా. పాతబండి విషయంలో చాలాకాలం రెండో అర్థమే చెల్లింది. చేతిలో ఉన్న కొద్దిపాటి సొమ్ముతో, దారిలో ఆగిపోనిదీ, నడుపుతుంటే హుషారు పుట్టించేదీ అయిన బండిని ఏరుకునే వెసులుబాటు మన మధ్యతరగతికి బాగా ఆలస్యంగా దక్కింది.

అది ఎలా దక్కిందో తెలిస్తే ఇవాళ పాతకారు కొనేవారికి ఒక మేలుంది. ఏ బండి నమ్మదగినది అన్న ప్రశ్నకు ప్రకటనల్లో దొరకని జవాబు ఈ డెబ్భై ఏళ్ళ చరిత్రలో దొరుకుతుంది. ఆ జవాబు బండిలో కొంతే ఉంటుంది. ఎక్కువ భాగం బండి చుట్టూ ఉన్న వీధిలో ఉంటుంది. ఈ టపాలో చెప్పదలచుకున్నది అదే.

క్యూలో నిలబడ్డ దేశం

1942లో బిర్లాలు హిందూస్తాన్ మోటార్సును, 1944లో వాల్‌చంద్ హీరాచంద్ ప్రీమియర్ ఆటోమొబైల్సును స్థాపించారు. మొదటిది గుజరాత్ తీరాన ఓఖా రేవులో మొదలై 1948లో కలకత్తా దగ్గరి ఉత్తరపారాకు తరలింది. రెండవదాని కర్మాగారం బొంబాయిలోని కుర్లాలో వెలసింది. మద్రాసులో స్టాండర్డ్ మోటార్ ప్రొడక్ట్స్ మూడవది. వీటికన్నా ముందే, 1920ల నుంచీ, జనరల్ మోటార్సు, ఫోర్డు కంపెనీలు విదేశాల నుంచి భాగాలు తెప్పించి ఇక్కడ బిగించి అమ్ముతుండేవి. 1953లో టారిఫ్ కమిషను సిఫారసుల ననుసరించి, ఇక్కడే భాగాలు తయారుచేసే ప్రణాళిక లేనివారికి ఇక చోటు లేదని ప్రభుత్వం తేల్చింది. ఆ రెండు కంపెనీలూ దుకాణం కట్టేశాయి. కారు కావాలనుకున్న గృహస్థుకు ముఖ్యంగా మూడే పేర్లు మిగిలాయి: అంబాసిడర్, ఫియట్, హెరాల్డ్.

ఏటా ఎన్ని బండ్లు తయారుచేయాలో లైసెన్సు నిర్ణయించేది. పంపిణీ మీద 1959 నుంచి ప్రభుత్వ నియంత్రణ ఉత్తర్వు ఉండేది. 1969లో ధరలను కూడా చట్టబద్ధంగా కట్టడి చేశారు. కంపెనీలు సుప్రీంకోర్టుకు వెళ్ళగా 1971లో తీర్పు వచ్చింది. మారుతి రాకముందు మూడు కంపెనీలూ కలిసి ఏడాదికి 50,000 కార్లు కూడా తయారుచేయలేదు. ఇంత పెద్ద దేశానికి అన్నే బండ్లు, వాటికి కట్టడి చేసిన ధర. ఇక మిగిలేది క్యూ. డిపాజిట్టు కట్టి ఫియట్ కోసం ఏళ్ళ తరబడి ఎదురుచూడటం ఆ తరానికి మామూలు సంగతి. కూతురు పుట్టినప్పుడు పేరు నమోదు చేయించుకుంటే పెళ్ళినాటికి బండి వస్తుందని చమత్కరించుకునేవారు.

క్యూ ఉన్నచోట క్యూ తప్పించుకునే దారికి వెల ఉంటుంది. ఆ దారే పాతకారు. దాన్ని కొన్నవాడు ఇనుమును మాత్రమే కాదు, తాను నిరీక్షించనక్కరలేని ఏళ్ళను కూడా కొంటున్నాడు. అందుకే పాతది కొత్తదానికన్నా ప్రియమైంది. విదేశీ కార్ల సంగతి చెప్పనే అక్కరలేదు. దౌత్యవేత్తలూ మరికొందరూ వాడి వదిలిన దిగుమతి బండ్లను స్టేట్ ట్రేడింగ్ కార్పొరేషన్ అమ్మకానికి పెడితే, ధనవంతులూ సినిమావారూ పోటీపడి కొనేవారు.

దీనివల్ల జరిగిన నష్టం ధర ఒక్కటే కాదు. ఎదురుచూసే జనం బారులు తీరినప్పుడు మంచి బండీ, చెడ్డ బండీ రెండూ అమ్ముడవుతాయి. "ఇది నమ్మదగినదేనా" అని అడిగే ధైర్యం కొనేవాడికి ఉండదు. తాను కాదంటే వెనక మరొకడున్నాడు. "ఇది నడపడానికి బాగుంటుందా" అన్న ప్రశ్న అయితే మరీ విలాసం.

అమెరికా నిమ్మకాయ, మన బియ్యంలో రాయి

సరిగ్గా ఆ రోజుల్లోనే పాతకార్ల మీద ప్రపంచ ప్రసిద్ధి పొందిన వ్యాసం ఒకటి పుట్టింది. అమెరికాలో బర్క్‌లీ విశ్వవిద్యాలయంలో అప్పుడే అధ్యాపకుడిగా చేరిన జార్జ్ అకెర్లాఫ్ 1966-67లో దాన్ని రాశాడు. పైకి బాగుండి లోపల చెడిన కారును అమెరికావారు "నిమ్మకాయ" అంటారు. అకెర్లాఫ్ వాదం సులువైనదే. పాతబండి గుణదోషాలు అమ్మేవాడికి తెలుసు, కొనేవాడికి తెలియవు. మోసపోతానన్న భయంతో కొనేవాడు ధర తగ్గించి అడుగుతాడు. ఆ ధరకు మంచి బండి ఉన్నవాడు అమ్మడు. చెడ్డ బండి ఉన్నవాడే సంతోషంగా ముందుకొస్తాడు. క్రమంగా సంత నిండా నిమ్మకాయలే మిగులుతాయి. షోరూము దాటిన మరుక్షణమే కొత్తకారు విలువ అంతగా ఎందుకు పడిపోతుందో ఆయన అలా వివరించాడు. బర్రెను నీళ్ళలో ఉంచి కొమ్ములకు బేరమాడటం అని మనవాళ్ళు ఏనాడో అన్న సంగతికి ఆయన గణితం కట్టాడన్నమాట.

1967లో వ్యాసాన్ని ఒక పెద్ద పత్రికకు పంపి ఆయన ఏడాదిపాటు పనిచేయడానికి భారతదేశం వచ్చాడు. తిరస్కరణ లేఖ ఆయనకు ఇక్కడే అందింది. మరో రెండు పత్రికలు కూడా తిప్పి పంపాక నాలుగో ప్రయత్నంలో, 1970లో, అది అచ్చయింది. 2001లో ఆయనకు దక్కిన నోబెల్ బహుమతికి మూలం ఆ చిన్న వ్యాసమే.

షోరూము దాటగానే కారు విలువ పడిపోతుందని రాసినవాడు, షోరూము దాటగానే కారు విలువ పెరిగే దేశంలో కూర్చుని ఆ తిరస్కరణ లేఖ చదువుకున్నాడు. అలాగని ఆయన సిద్ధాంతం ఇక్కడ తప్పయిందనుకోరాదు. అమ్మేవాడికి తెలిసినది కొనేవాడికి తెలియకపోవడం ఇక్కడా ఉంది. కొరత దాన్ని కప్పిపెట్టింది, అంతే. అచ్చయిన వ్యాసంలో ఆయన మన దేశపు ఉదాహరణలు కొన్ని చేర్చాడు. అందులో ఒకటి బియ్యం. బజారు బియ్యంలో అదే రంగులో, అదే ఆకారంలో ఉన్న రాళ్ళను కావాలని కలుపుతారనీ, భారతీయ గృహిణి వాటిని శ్రద్ధగా ఏరవలసి వస్తుందనీ రాశాడు. చేటలో బియ్యం పోసుకుని వెలుతురున కూర్చుని బెడ్డలు ఏరే మన అమ్మలూ అమ్మమ్మలూ ఆ విధంగా అర్థశాస్త్రంలోకి ఎక్కారు.

కారును చేటలో పోసి చెరగలేం. మరి మనవాళ్ళు ఏం చేశారు?

మూడు బండ్లు, ఒక వీధి

అందుబాటులో ఉన్నవి మూడే కనుక వాటి స్వభావం ఊరందరికీ తెలిసిపోయింది.

అంబాసిడర్ బ్రిటిషు మోరిస్ ఆక్స్‌ఫర్డుకు మన రూపం. 1950ల చివర మొదలై 2014 మే నెలలో ఆగింది. మధ్యలో మార్కుల సంఖ్యలు మారాయి, ముందరి జాలీ మారింది, 1990లలో ఇసుజు ఇంజను వచ్చింది. ఒళ్ళు మాత్రం అదే. బరువైన బండి, బరువైన స్టీరింగు, గుంతలను లెక్కచేయని కమానులు, ఇంటిల్లిపాదినీ మోసే సీట్లు. నడపడం సరదా కాదు, వ్యాయామం.

ఫియట్ తేలిక. 1,089 సీసీ ఇంజను, స్టీరింగు పక్కనే గేరు కొయ్య, చిన్న ఒడలు. 1964లో డిలైట్, తర్వాత ప్రెసిడెంట్, 1974 నుంచి ప్రీమియర్ పద్మిని అని పేర్లు మారినా జనం నోట ఫియట్‌గానే ఉండిపోయింది. డ్రైవరును పెట్టుకోకుండా స్వయంగా నడుపుకునే డాక్టర్లకూ, ప్లీడర్లకూ అది ఇష్టమైన బండి. "డాక్టరుగారి బండి, సింగిల్ హ్యాండ్" అన్న దళారి మాటకు అప్పటినుంచే విలువ ఏర్పడింది.

స్టాండర్డ్ హెరాల్డ్ 1961 నుంచి మద్రాసులో తయారైంది. ఇటలీకి చెందిన మికెలోట్టి దాని ఆకారాన్ని గీశాడు. బానెట్టు మొత్తం ముందుకు ఒరిగి తెరుచుకునేది. ఇంజను పక్కన టైరు మీద కూర్చుని మరమ్మతు చేసుకోవచ్చు. అతి తక్కువ చోటులో మళ్ళేది. మూడింటిలో హుషారైనది అదే. కాని స్టాండర్డ్ కంపెనీ మొదట హెరాల్డునూ, 1970లలో దాని తర్వాత వచ్చిన గజెల్‌నూ ఆపేశాక ఆ బండ్ల భాగాలు అరుదైపోయాయి. మద్రాసు పుదుపేటలోని పాతసామాన్ల అంగళ్ళకు వెళ్ళి వెతుక్కునే ఓపిక ఉన్నవాళ్ళే దాన్ని పోషించగలిగారు.

ఇక్కడే మొదటి పాఠం ఉంది. యంత్రంగా చూస్తే అంబాసిడర్ హెరాల్డుకన్నా గొప్పదని ఎవరూ అనలేదు. పైగా కొత్త అంబాసిడరులోనే నీళ్ళు కారడం, చప్పుళ్ళు రావడం అందరికీ తెలిసినవే. అయినా దాన్ని "నమ్మకమైన బండి" అన్నారు. ఎందుకు? అది చెడిపోదని కాదు, చెడిపోతే బాగుచేసేవాడు ప్రతి ఊళ్ళోనూ ఉన్నాడని. యాభై ఏళ్ళకు పైగా మారని బండి కనుక ఒక మేస్త్రీ నేర్చిన విద్య అతని శిష్యుడికీ, శిష్యుడి శిష్యుడికీ పనికొచ్చింది. 1960లలో విజయవాడలో రూపుదిద్దుకున్న ఆటోనగర్, సికింద్రాబాదు రాణిగంజిలో వరసగా వెలసిన స్పేరుపార్టుల దుకాణాలు మనవైపు ఆ విద్యకు బడులు. ఇంజను బోరు చేయించడం, పిస్టను రింగులు మార్చడం, టింకరింగు పెట్టి రేకు సరిచేయడం, కమానుపట్టీలు కొత్తవి వేయించడం అక్కడ రోజువారీ పనులు.

పాతబండి చూడటానికి వెళ్ళేవారు అక్కడినుంచే ఒక మేస్త్రీని వెంటబెట్టుకు వెళ్ళేవారు. పశువుల సంతలో ఎద్దు పళ్ళు పట్టిచూసి, సుడులు లెక్కపెట్టి, నాలుగడుగులు నడిపించి చూసే పెద్దమనిషి లాంటివాడతను. ఆయిలు పోసే మూత తీసి అక్కడ పొగ వస్తోందా అని చూసేవాడు. సైలెన్సరు గొట్టంలో వేలు పెట్టి మసి తీసేవాడు. కొండెక్కించి గేరు జారుతోందా అని పరీక్షించేవాడు. అకెర్లాఫ్ చెప్పిన అజ్ఞానానికి మన సమాజం కట్టుకున్న కంచె అదే.

1983 తర్వాత

1983 డిసెంబరు 14న ఇందిరాగాంధీ చేతులమీదుగా మొదటి మారుతి 800 తాళాలు కొనుగోలుదారుకు అందాయి. జపాను సుజుకీతో ఒప్పందం అంతకుముందు ఏడాది, 1982లో, జరిగింది. 796 సీసీలు, మూడు సిలిండర్లు, ముందు చక్రాలకు శక్తి, యాభై వేల రూపాయల లోపు ధర. ఆ ధరకు బుక్ చేసుకున్నవారు ఇక్కడా క్యూలోనే నిలబడ్డారు, మొదటి సంవత్సరాల్లో పాత మారుతి కూడా అసలు ధరకు మించే పలికింది. అలవాటు అంత త్వరగా పోలేదు.

మొదట్లో మన మెకానిక్కులు దాన్ని నమ్మలేదు. రేకు పలచన, ఇంజను బొమ్మలా ఉంది, గట్టిగా గుద్దితే మిగలదు అన్నారు. ఆ భయం పూర్తిగా అకారణం కాదు. భద్రత విషయంలో ఆ బండిది ఏనాడూ గొప్ప స్థాయి కాదు. కాని ఉదయాన్నే తాళం తిప్పగానే అంటుకునే ఇంజను, వేలితో తోస్తే పడే గేరు, లీటరుకు అంబాసిడరుకన్నా ఎన్నో ఎక్కువ కిలోమీటర్లు. వీటిని ఒకసారి చవిచూసినవారు వెనక్కి వెళ్ళలేదు. నడపడం శ్రమ కాదనీ, అది ఆనందం కూడా కావచ్చుననీ సామాన్య గృహస్థుకు తెలియజెప్పింది ఆ బండే.

ఈ హుషారుకు సాక్ష్యం పందేల మైదానంలో ఉంది. మద్రాసు శివారు షోలవరంలో, యుద్ధకాలపు విమానాల రన్‌వే మీద 1950ల నుంచి కార్ల పందేలు జరిగేవి. 1980ల చివర కోయంబత్తూరుకు చెందిన ఎస్. కరివర్ధన్ మారుతి 800 ఇంజనుతోనే ఒంటి సీటు పందెపు బండిని తయారుచేసి ఫార్ములా మారుతి అన్న తరగతికి ప్రాణం పోశాడు. పెద్ద సొమ్ము లేనివారు కూడా పందెంలో పాల్గొనాలన్నది ఆయన ఆశయం. 2005లో ఫార్ములా వన్‌లో ప్రవేశించిన తొలి భారతీయుడు నారాయణ్ కార్తికేయన్ పందేల జీవితం మొదలైంది ఆ ఫార్ములా మారుతిలోనే. సరదాకు మూలం గుఱ్ఱపుబలం ఒక్కటే కాదు, తేలికదనం కూడా అని చెప్పడానికి ఇంతకన్నా ఏం కావాలి?

మారుతి 800 2014 జనవరి దాకా తయారైంది. ఇరవై అయిదు లక్షలకు పైగా అమ్ముడైంది. మొదట అనుమానించిన మెకానిక్కులే దాని ఆనుపానులు నేర్చారు. ప్రతి పల్లెటూరి స్పేరుపార్టుల కొట్టులోనూ దాని క్లచ్చి ప్లేటు దొరకసాగింది. అంబాసిడరుకు వీధి ఇచ్చిన నమ్మకం ఇప్పుడు దీనికి బదిలీ అయింది.

దిక్కులేని బండ్లు

1993లో కార్ల పరిశ్రమకు లైసెన్సు విధానం ఎత్తివేశారు. ఆ ఏడే జెన్, మరుసటి ఏడు ఎస్టీమ్ వచ్చాయి. 1995లో దేవూ సియెలో, 1998లో హోండా సిటీ, సాంత్రో, మాటిజ్, ఇండికా, 1999లో ఫోర్డు ఐకాన్, 2001లో ఫియట్ పాలియో. క్యూ అంతరించింది. షోరూము దాటగానే విలువ పడిపోవడం మనకూ మొదలైంది. అకెర్లాఫ్ చెప్పిన లోకంలోకి మనం సుమారు మూడు దశాబ్దాలు ఆలస్యంగా ప్రవేశించాం. తక్కువ సొమ్ము ఉన్నవాడికి ఇది మంచిరోజే. ఇతరులు మోసిన నష్టం అతనికి లాభమయింది. నాలుగైదేళ్ళు వాడిన మంచి కారు కొత్తదాని ధరలో సగానికి దొరకసాగింది. 2001లో మారుతి కంపెనీయే పరీక్షించి, పూచీ ఇచ్చి పాతకార్లు అమ్మే దుకాణాలు తెరిచింది. నిమ్మకాయల బెడదకు అకెర్లాఫ్ సూచించిన మందుల్లో పూచీ ఒకటి.

అయితే ఈ స్వేచ్ఛతో పాటే కొత్త ప్రమాదం వచ్చింది. 2000 నవంబరులో కొరియాలో దేవూ మోటార్స్ దివాలా తీసింది. జనరల్ మోటార్స్ దాని ఆస్తుల్లో కొన్నిటిని కొన్నది గాని మన దేశపు కర్మాగారాన్ని కొనలేదు. సియెలో, మాటిజ్ సొంతదార్లు రాత్రికి రాత్రి దిక్కులేనివారయ్యారు. బండ్లు చెడ్డవి కావు. మాటిజ్ ముచ్చటైన బండి. కాని భాగం దొరకని బండికి గుణాలుండి ఏం లాభం? లక్షలు పోసి కొన్న సియెలోలు తర్వాత చవకగా అమ్ముడుపోయాయి. చవకని చూసి కొన్నవాళ్ళు హెడ్‌లైటు అద్దం కోసమూ, సెన్సరు కోసమూ ఊళ్ళు తిరిగారు.

పాలియో కథ మరింత బోధకం. దాని 1.6 లీటర్ల పెట్రోలు బండిలో దాదాపు వంద గుఱ్ఱాల బలం. గట్టి ఒళ్ళు, రోడ్డును పట్టుకునే తీరు. నడపడంలో రుచి తెలిసినవాళ్ళు దానికోసం పడిచచ్చారు. కాని పెట్రోలు తాగుతుందనీ, సర్వీసు అంతంతమాత్రమనీ పేరుపడి పాతబజారులో దాని ధర పడిపోయింది. చివరకు 2019లో ఫియట్ ఇక్కడ కార్లు అమ్మడం మానేసింది. అదే ఫియట్ రూపొందించిన 1.3 లీటర్ల డీజిలు ఇంజను మాత్రం మారుతి స్విఫ్టులోనూ, టాటా బండ్లలోనూ చేరి 2020 దాకా దేశమంతా తిరిగింది. స్విఫ్టు డీజిలు విప్పడం రాని మెకానిక్కు లేడు. మాతృసంస్థ వెళ్ళిపోయింది, ఇంజను మన వీధిలో నిలిచిపోయింది. పాతకారు కొనేవాడు అడగవలసింది బండి ఏ దేశపుదని కాదు; అది మన వీధికి ఎంత తెలుసునని.

ఈ పాఠానికి కాలం చెల్లలేదు. 2017 చివర జనరల్ మోటార్స్ ఇక్కడ అమ్మకాలు నిలిపింది. 2021 సెప్టెంబరులో ఫోర్డు తయారీ మానేస్తున్నట్టు ప్రకటించింది. సర్వీసూ స్పేరుపార్టులూ కొనసాగిస్తామని చెప్పింది. స్టీరింగు చేతికి మాట్లాడుతుందని పేరున్న ఫోర్డు బండ్లు అందుకే ధర తగ్గాయి. దగ్గరలో వాటిని ఎరిగిన మంచి మెకానిక్కు ఉన్నవాడికి అది బేరమే. లేనివాడికి ఉచ్చు.

కాగితం బరువు

ఇంజనూ వీధీ బాగున్నా ఇంకొకటి మిగిలి ఉంటుంది, మన వాడుకలో సీబుక్కు. 1988 మోటారు వాహనాల చట్టం ప్రకారం కారు రిజిస్ట్రేషను పదిహేనేళ్ళు చెల్లుతుంది. ఆ పైన ఫిట్‌నెస్ పరీక్ష చేయించి అయిదేళ్ళకొకసారి పొడిగించుకోవాలి. ఆ పొడిగింపు రుసుము 2022 ఏప్రిల్‌లో 600 రూపాయల నుంచి 5,000కు పెరిగింది. పధ్నాలుగేళ్ళ బండి చవకగా వస్తోందంటే ఆ చవకలో ఈ లెక్క దాగివుందని గ్రహించాలి.

బండి అమ్మేసి పేరు మార్పించకుండా వదిలేయడం మనవాళ్ళ పాత అలవాటు. సంతకం చేసిన ఖాళీ ఫారాలతోనే బండి నలుగురి చేతులు మారుతుంది. 2018 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు ఇటువంటి వ్యవహారంలోనే తీర్పు చెప్పింది. బండి ఎన్ని చేతులు మారినా రిజిస్టరులో ఎవరి పేరుందో అతనే చట్టం దృష్టిలో యజమాని, ప్రమాదంలో పరిహారం బాధ్యత అతనిదే అని. అమ్మేవాడికి ఆ తీర్పు హెచ్చరిక. కొనేవాడికీ అంతే, పేరు మారని బండికి బీమా దగ్గరా, పోలీసు దగ్గరా చిక్కులే.

ఢిల్లీలో పదేళ్ళు దాటిన డీజిలు, పదిహేనేళ్ళు దాటిన పెట్రోలు బండ్లు తిరగరాదని 2015లో హరిత ట్రిబ్యునల్ చెప్పగా, 2018లో సుప్రీంకోర్టు దాన్ని బలపరిచింది. ఆనాటి నుంచి అక్కడి బండ్లు ఎన్నో చవకగా ఇతర రాష్ట్రాలకు, మన హైదరాబాదుకు కూడా, తరలివచ్చాయి. ధర చూస్తే నోరూరుతుంది. ఎన్ఓసీ, ఇక్కడి లైఫ్ టాక్సు, కొత్త నంబరు ఖర్చు కలిపి చూసుకున్నాకే అది చవకో కాదో తేల్చుకోవాలి.

ఏరుకునే పద్ధతి

నేడు మన దేశంలో ఏటా కొత్తకార్లకన్నా పాతకార్లే ఎక్కువ చేతులు మారుతున్నాయని పరిశ్రమ అంచనా. కూడబెట్టిన సొమ్ము మొత్తం పెట్టి మొదటిసారి కారు కొనేవారిలో ఎక్కువమంది ఈ బజారుకే వస్తారు. ఒక పెద్దకారు అప్పు కన్నా ఒక తప్పుడు పాతకారు వారిని ఎక్కువ కుంగదీస్తుంది. ఎందుకంటే దాని ఖర్చు ముందుగా తెలియదు. అందుచేత చరిత్ర చెప్పిన వరసలోనే ఎంచుకోవడం మేలు.

మొదట వీధి. మీ ఊళ్ళో, మీరు నమ్మే మెకానిక్కు కళ్ళు మూసుకుని విప్పగల బండ్లు ఏవో అడిగి జాబితా రాసుకోండి. అందులో లేని బండి ఎంత అందమైనదైనా వదిలేయండి. తర్వాత ఆ జాబితాలో తేలికైనదాన్ని, స్టీరింగు చురుకైనదాన్ని వెతకండి. సరదాకు పెద్ద ఇంజను అక్కరలేదు. జెన్ ఒకప్పుడు ఆ సంగతి చూపింది. 2005లో వచ్చిన పెట్రోలు స్విఫ్టూ, హోండా సిటీ పాత తరాలూ దాన్నే మళ్ళీ నిరూపించాయి. అందరూ కొనే బండి కనుక ఆకర్షణ లేదనుకోవడం పొరపాటు. అందరూ కొన్నందువల్లనే దాని భాగం దొరుకుతుంది, దాని జబ్బు అందరికీ తెలుసు.

ఆ పైన ఆ ఒక్క బండి. పగటివేళే చూడాలి, దీపాల వెలుగులో రంగు తేడా తెలియదు. ఇంజను చల్లగా ఉండగా స్టార్టు చేయించాలి, ముందే వేడిచేసి ఉంచితే అనుమానించాలి. నీలిపొగ వస్తే ఆయిలు కాలుతోంది. తెల్లపొగ వదలకుండా వస్తే నీళ్ళు లోపలికి పోతున్నాయి. మీటరు నలభై వేలు చూపుతూ క్లచ్చి పెడలు రబ్బరు నున్నగా అరిగివుంటే మీటరు అబద్ధమాడుతోంది. అన్ని అద్దాల మీదా ముద్రించిన సంవత్సరం ఒకటేనా? టైరు మీది నాలుగంకెల్లో వారమూ సంవత్సరమూ ఉంటాయి, చూశారా? బానెట్టు కింద, డిక్కీలో స్టెప్నీ కింద రేకు అతుకులు కంపెనీ వేసినట్టు వరసగా ఉన్నాయా? ఛాసిస్ నంబరు సీబుక్కుతో సరిపోయిందా? అప్పు తీరినట్టు బ్యాంకు కాగితం ఉందా?

చివరిది డబ్బు. ఉన్నదంతా బండి ధరకే పోయకూడదు. టైర్లు, బ్యాటరీ, క్లచ్చి, షాకబ్జార్లు, ఆయిళ్ళు అన్నవి పాతబండి మనింటికి వచ్చిన మొదటి ఏడాదిలోనే ఒక్కొక్కటిగా చేయి చాపుతాయి. వాటికని కొంత పక్కన ఉంచుకుని మిగిలినదాన్నే బండి బడ్జెట్ అనుకోవాలి. ఒక మెట్టు చిన్న బండిని బాగా పోషించినవాడు, ఒక మెట్టు పెద్ద బండిని పస్తుపెట్టినవానికన్నా హాయిగా తిరుగుతాడు.

2023 అక్టోబరులో ముంబయి వీధుల నుంచి ఆఖరి పద్మిని టాక్సీ తప్పుకుంది. అది పాతబడి ఆగిపోలేదు, ఇరవై ఏళ్ళ వయోపరిమితి దాటి ఆగింది. పందొమ్మిదో ఏట కూడా దాన్ని నడిపించగలిగిన మేస్త్రీలు అక్కడ ఉన్నారు. ఏ బండి కొనాలో తెలియక తికమకపడేవారు ముందు అటువంటి మేస్త్రీని వెతికి, బండిని ఆ తర్వాత వెతకడం మంచిది.